ఈశాన్యం వారి హోటలు

హోటలు భోజనం మీద మా అమ్మకి ఉన్న అభిప్రాయం తెలిసినవాళ్ళెవరూ నేను చెప్పబోయే సంగతి నమ్మరు. డెబ్బయి రెండేళ్ళు వచ్చేదాకా ఆవిడ హోటల్లో కాఫీ కూడా తాగి ఎరగదు. మా నాన్నగారు బతికున్న రోజుల్లో అన్నవరం వెళ్ళినా, ద్రాక్షారామం వెళ్ళినా పులిహోర మూట కూడా మాతోబాటు బస్సెక్కవలసిందే. "పొయ్యి దగ్గర ఎవరున్నారో కనపడని వంట నేను తినను" అనేది. ఆ మాటలో మడీ ఉంది, అనుమానమూ ఉంది, తన వంట మీద తనకున్న గర్వమూ ఉంది. ఏది ఎంత పాలో నేను చెప్పలేను.

అలాంటి మనిషి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, డేటన్ ఊరి శివారున ఒక థాయ్ హోటల్లో కూర్చుని "ఇంకాస్త అన్నం తెమ్మనరా" అంటూంటే పక్కన కూర్చుని నా చెవులతో నేను విన్నాను. ఇది 2023 జూన్ నెలలో మాట.

నాన్నగారు 2021లో పోయారు. ఆ తరవాత అమ్మ కోనసీమలో మా యింట్లో ఒక్కర్తీ ఉండేది. కాకినాడలో నా దగ్గరికి రమ్మంటే "దొడ్లో చెట్లకి నీళ్ళెవరు పోస్తారు?" అనేది. అన్నం మాత్రం తినేది కాదు. తినటం లేదని ఆవిడ ఒప్పుకునేదీ కాదు. రెండు మెతుకులు కలుపుకుని, మజ్జిగ పోసుకుని, "అయిందిలే" అని లేచిపోయేది. చివరికి మా చెల్లెలు పట్టుబట్టి 2023 మార్చిలో తన దగ్గరికి తీసుకుపోయింది. అక్కడా అంతే. చెల్లెలు వారానికోసారి ఫోనులో ఏడిచేది. "అన్నయ్యా, అమ్మ చిక్కి సగమైపోయింది. నువ్వొచ్చి చెప్పు, నీ మాట వింటుంది."

నా మాట ఎవరూ వినరని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నవాణ్ణి కదా! అయినా వేసవి సెలవుల్లో బయల్దేరాను. టిక్కెట్టు చెల్లెలే కొన్నది. తీరా విమానం దిగి కారెక్కిన తరవాత చెల్లెలు మెల్లిగా అన్నది: "అమ్మ మూడు వారాలనుంచి తింటోంది, అన్నయ్యా."

"మంచిమాట చెప్పావు. ఏం వండావేమిటి?"

"నేను వండలేదు. మా వీధి చివర థాయ్ హోటలుంది. అక్కడ తింటోంది."

నేను నవ్వాను, వేళాకోళం అనుకుని. అది నవ్వలేదు.

* * *

మర్నాడు సాయంత్రం అందరం నడిచి వెళ్ళాం. నడిచి వెళ్ళగలగటమే ఆ హోటలు మొదటి సుగుణం. ఆ దేశంలో కారు తోలలేనివాళ్ళు బందీలతో సమానం. మన దినుసులమ్మే కొట్టు కావాలన్నా, గుడికి వెళ్ళాలన్నా అమ్మకి ఇంకొకరి చెయ్యి కావాలి. ఇది మాత్రం పది నిమిషాల నడక. ఒక పక్క చాకలి మిషన్ల కొట్టు, ఇంకో పక్క మంగలి కొట్టు, మధ్యన ఇరుకుగా ఈ హోటలు. తొమ్మిది బల్లలు. గల్లాపెట్టె పైన చిన్న పీఠం, దానిమీద బుద్ధుడు, ఆయన ముందొక గ్లాసులో మంచినీళ్ళు, రెండు పువ్వులు. అమ్మ లోపలికి అడుగుపెడుతూనే ఆ పీఠానికేసి దణ్ణం పెట్టింది. గల్లాపెట్టె దగ్గరున్నావిడ లేచి అమ్మకి దణ్ణం పెట్టింది. ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. వంట ఆవిడా, ఆవిడ భర్తా చేస్తారు.

ఆ దేశపు పద్ధతి ఒకటి చెప్పాలి. కారం ఎంత కావాలో అంకెల్లో అడుగుతారు. ఒకటినుంచి అయిదుదాకా. మా బావగారు రెండు అన్నారు. చెల్లెలు మూడు అన్నది. అమ్మ అరచెయ్యి విప్పి అయిదు వేళ్ళూ చూపించింది. సర్వరు కుర్రాడు నవ్వుతూ రాసుకున్నాడు. నా జన్మలో నేను ఏ పరీక్ష పేపరుకీ అయిదుకి అయిదు వేసి ఎరగను.

కొబ్బరిపాల చారు వచ్చింది. అమ్మ గిన్నె దగ్గరగా లాక్కుని తినకుండా ముందు వాసన చూసింది. "చూడరా" అని నా ముందు పెట్టింది. చూశాను. ఒక్క క్షణం నేను ఒహాయోలో లేను. మా దొడ్లో నూతి పక్కన దబ్బచెట్టు ఉంది. ఎండాకాలం అమ్మ దాహానికి మజ్జిగ చేస్తే, నాన్నగారు స్వయంగా వెళ్ళి నాలుగు దబ్బాకులు తుంపి తెచ్చి, నలిపి, ఆ చెంబులో వేసేవారు. ఆ పని ఇంకెవరు చేసినా ఆయనకి నచ్చేది కాదు. ఆ వాసనే ఇది! నిమ్మజాతిలో వాళ్ళకొక చెట్టుందట. దాని ఆకులు చారులోనూ కూరలోనూ వేస్తారు. అవునుగదా అని అమ్మ మొహంలోకి చూశాను. ఆవిడ నాకేసి చూడకుండా చారు తాగుతోంది.

తరవాత పచ్చమిరపకాయలు నూరిన ముద్దతో కొబ్బరిపాలు పోసి చేసిన కూర, అన్నం వచ్చాయి. అందులో మాంసానికి బదులు సోయాచిక్కుడు పాలు విరగ్గొట్టి చేసిన టోఫూ ముక్కలు. అమ్మ చెంచా పక్కన పెట్టి, చెయ్యి కడుక్కొచ్చి, చేత్తో కలుపుకుంది. చెల్లెలు చుట్టుపక్కల బల్లలకేసి చూసింది. హోటలావిడ మాత్రం చూసి సంతోషపడింది. దగ్గరికొచ్చి, తమ ప్రాంతంలోనూ అన్నం చేత్తోనే తింటారనీ, అది జిగురన్నమనీ, ముద్ద చేసుకుని పచ్చట్లో అద్దుకుంటారనీ చెప్పింది.

"మీదే ప్రాంతం?" అని నా ఇంగ్లీషులో అడిగాను.

"ఈశాన్" అన్నది ఆవిడ. థాయ్‌లాండుకి ఈశాన్య భాగమట!

చెప్పొద్దూ, నా లోపలి తెలుగు ఎమ్మే ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఈశాన్యాన్ని ఈశాన్ అంటున్నది ఈ మహాతల్లి. నేనేం చేస్తానో చెల్లెలు చెప్పింది. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "అచాన్!" అని నాకు చేతులు జోడించింది. కాలేజీలో చదువు చెప్పేవాణ్ణి వాళ్ళు అచాన్ అంటారట. అంటే ఆచార్యుడు. బడిపంతులు ఖ్రూ, అంటే గురువు. భోజనం ఆహాన్, మన ఆహారమే. భాష పాసా. మన పెద్దవాళ్ళు సయాం అనేవారే, 1939లో థాయ్‌లాండని పేరు మార్చుకున్న ఆ దేశానికి పాత రాజధాని అయుథయ, మన అయోధ్య పేరే. హోటలు కార్డు మీది అక్షరాలు కూడా బొత్తిగా పరాయివి కావు. దక్షిణాన పల్లవుల లిపి ఓడలెక్కి ఖ్మేరు దేశం చేరి, అక్కణ్ణించి వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మన లిపికీ దానికీ తాతమ్మ బ్రాహ్మి.

మా కాలేజీలో నన్ను ఆచార్యుడన్నవాడు లేడు. ఆ మాట అనిపించుకోవటానికి తొమ్మిదివేల మైళ్ళు వెళ్ళవలసివచ్చింది. ఇక నన్ను పట్టేవారెవరు? మర్నాటినుంచి నేనూ అమ్మా మధ్యాహ్నం పూట, హోటల్లో జనం పలచబడ్డాక వెళ్ళేవాళ్ళం. నేను ఒక నోటుబుక్కు కూడా తీసుకెళ్ళేవాణ్ణి. ఆవిడ తీరిగ్గా కూర్చుని మాటలు చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. అమ్మని ఆవిడ "మే" అని పిలిచేది. అమ్మ అని అర్థం. రాగానే "కిన్ ఖావ్ రూ యంగ్?" అనేది. అన్నం తిన్నావా, ఇంకా లేదా అని. వాళ్ళు ఎదురుపడ్డవాళ్ళని కుశలం అడిగే పద్ధతి అది. మా కోనసీమలో వీధరుగు మీద కూర్చున్నవాళ్ళు అడిగే ప్రశ్న ఇంకేమిటి?

* * *

నాలుగోనాడు నేను వంట దినుసుల పేర్లు మొదలుపెట్టాను. చింతపండు మఖామ్. మిరప ఫ్రిక్. మిరియాల్ని ఫ్రిక్ థాయ్, థాయ్ మిరప, అంటారు. ఇందులో చరిత్ర ఉంది. మిరపకాయ అమెరికా ఖండపు కాయ. మనకీ వాళ్ళకీ కూడా పోర్చుగీసువారి ఓడలు తిరిగిన కాలంలోనే చేరింది. వాళ్ళు 1498లో మన కోళికోడు వచ్చారు, 1511లో అయుథయ చేరారు. అంతకుముందు ఇద్దరికీ కారమంటే మిరియమే. ఇదంతా ఉత్సాహంగా రాసుకుంటున్నాను. "ఉప్పుని ఏమంటారు?" అని అడిగాను. ఆవిడ చెప్పి, "కాని చారులో, కూరలో ఉప్పు కంటె నామ్ ప్లా వేస్తాం" అన్నది.

"నామ్ అంటే?"

"నీళ్ళు."

"ప్లా అంటే?"

"చేప."

నా కలం ఆగిపోయింది. ఆవిడ నా మొహం చూడలేదు. చిన్న చేపల్ని ఉప్పులో వేసి, ఏడాది, అంతకు పైన కూడా ఊరబెట్టి, దిగిన రసం తీస్తారనీ, అది లేకపోతే తమ వంటే లేదనీ చెబుతోంది. నూరిన ముద్దలో ఎండురొయ్యల ముద్ద కూడా పడుతుందట. బల్లకి అవతల అమ్మ కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. ఈ ఇంగ్లీషు సంభాషణ ఆవిడకి అక్కర్లేదు.

నేను గొంతు తగ్గించి "మా అమ్మ చేప తినదు" అన్నాను.

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ చెల్లెలు వెజిటేరియన్ అన్నది. అందుకనే మాంసం తీసేసి టోఫూ వేశాను" అన్నది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక్కడికొచ్చే వాళ్ళు వెజిటేరియన్ అంటే మాంసం ముక్కలు వద్దని మాత్రమే అర్థమట. చాలామంది అంతకు మించి అడగరట. బొత్తిగా ఏమీ ముట్టనివాళ్ళకి తమ దేశంలో వేరే వంట ఉందనీ, దాన్ని 'జే' అంటారనీ, అందులో ఉల్లీ వెల్లుల్లీ కూడా పడవనీ, ఏటా తొమ్మిది రోజులు ఆ వ్రతం పట్టేవాళ్ళు ఎంతోమంది ఉన్నారనీ చెప్పింది. శాకాహారానికి వాళ్ళ భాషలో ఇంకో మాట చెప్పి నా నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. మంగ్‌సవిరత్. రెండుసార్లు చదివాను. మాంసవిరతి!

ఇంగ్లీషులో చెప్పి మోసపోయాం. సంస్కృతంలో చెప్పి ఉంటే కొంత నయంగా ఉండేది కాబోలు.

"రేపటినుంచి వేరే పాత్ర, వేరే ముద్ద. ఉప్పూ సోయా రసమూ వేసి చేస్తాను" అన్నది ఆవిడ. సరేనన్నాను.

* * *

ఇంటికొచ్చి రాత్రి అమ్మ పడుకున్న తరవాత చెల్లెలితో చెప్పాను. అది నా నోరు మూసినంత పని చేసింది. "నువ్వు అమ్మతో చెప్పావంటే నీకూ నాకూ మాటలుండవు. రెండేళ్ళ తరవాత కడుపునిండా తింటోంది. నీకెందుకంత సత్యసంధత?"

బావగారు పెద్దమనిషి. "తెలియనిది తెలియనట్టే పోనిద్దురూ. ఇకమీద వెయ్యరు కదా!" అన్నారు.

ఆ మాటలో సబబు లేకపోలేదు. నిద్ర పట్టక ఆలోచించాను. చేపనీళ్ళు కడుపులో పడితే నరకానికి పోతారని నేను నమ్మను. హాస్టల్లో ఉన్న రోజుల్లో నేను తిన్నవాటి జాబితా అమ్మకి చెప్పవలసి వస్తే పేజీలు చాలవు. కాని నియమం నాది కాదు, ఆవిడది. డెబ్బయి రెండేళ్ళు కాపాడుకున్న దాన్ని గురించి నిర్ణయం చేసే అధికారం నాకెవరిచ్చారు? మరి చెబితే? మళ్ళీ రెండు మెతుకులూ, మజ్జిగా. ఈ రెంటిలో ఏది పుణ్యమో, ఎమ్మేలో ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. ఎటూ తేలక, ఊరుకున్నాను. ఊరుకోవటం కూడా ఒక నిర్ణయమేనని అప్పుడు తట్టలేదు.

మర్నాడు వెళ్ళాం. కొత్త వంట వచ్చింది. అమ్మ ఒక ముద్ద తిని ఆగింది. చారు ఒక గుక్క తాగింది. తరవాత నెమ్మదిగా నాకేసి చూసి, "ఏరా, ఇదివరకు వేసేది ఏదో వెయ్యటం మానేసింది. ఏమిటది?" అన్నది.

నేను ఒక్కటి మరిచిపోయాను. ఆవిడ యాభై ఏళ్ళు వంట చేసిన మనిషి. పక్కింటి సాంబారులో మెంతులు ఎక్కువయ్యాయని మా వాకిట్లోంచి చెప్పగల మనిషి.

"ఇంటికెళ్ళాక చెబుతానమ్మా."

"మీ ముగ్గురూ పొద్దుటినుంచి నా మొహం చూడకుండా మాట్లాడుతున్నారు. ఇప్పుడే చెప్పు."

చెప్పాను. చేప అన్న మాట అనటానికి నాకు రెండుసార్లు గొంతు సవరించుకోవలసి వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. కంచం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కుని, పీఠానికేసి చూడకుండా బయటికి నడిచింది. ఇంటికొచ్చి తలమీంచి నీళ్ళు పోసుకుంది. దేవుడి గూటి ముందు చాలాసేపు కూర్చుంది. చెల్లెలు నాతో అన్నమాట ప్రకారం మాట్లాడటం మానేసింది.

మూడురోజులు గడిచాయి. పెరుగన్నం, అదీ ఒక పూట. ఆ దేశంలో జూన్ నెలలో రాత్రి తొమ్మిది గంటలకిగాని పొద్దు గుంకదు. అంత పొడుగు పగళ్ళు నేను ఎన్నడూ ఎరగను.

నాలుగోనాడు మధ్యాహ్నం అమ్మ చీర మార్చుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"ఆ పిల్ల తెలిసి పెట్టిందిట్రా?"

"లేదమ్మా. పాపం, తెలిశాక ఏడిచింది."

"మరి నేను వెళ్ళకపోతే తెలిసి పెట్టిందని అనుకుంటున్నట్టు కాదూ? పద."

దారిలో మళ్ళీ అన్నది: "నా నోరే నన్ను మోసం చేసింది. అది చారులో బావుందని నేను రెండో గిన్నె అడిగి తాగాను. నాకు నవ్వూ వస్తోంది, అసహ్యమూ వేస్తోంది." కొంచెం దూరం నడిచాక, "చెప్పకపోతే మాత్రం నిన్ను క్షమించేదాన్ని కాను. నాలుగోనాడు దాకా ఎందుకాగావు అని అడగను. మీ చెల్లెలు ఏడుస్తుందని ఆగి ఉంటావు" అన్నది.

చెల్లెలి గురించి కాదు, నా పిరికితనం గురించి ఆగానని చెప్పలేదు. ఆ రోజుకి అంత సత్యం చాలుననుకున్నాను.

* * *

హోటలావిడ మమ్మల్ని చూసి వంటింట్లోకి పరుగెత్తింది. భయపడి పారిపోయిందేమోనన్నాను. కాదు. రెండు చేతులా నల్లరాతి కల్వం ఎత్తుకొచ్చి మా బల్లమీద పెట్టింది. వంటింట్లోకి బయటివాళ్ళని రానియ్యకూడదట. అందుకని వంటిల్లే బయటికి తెచ్చింది. పచ్చిమిరపకాయలు, నిమ్మగడ్డి, ధనియాలు, కొత్తిమీర వేళ్ళు, ఆ దబ్బాకులాంటి ఆకు, ఒక్కొక్కటీ అమ్మ చేతికిచ్చి, ఆవిడ వాసన చూసి తలూపితేనే రోట్లో వేసింది. ఉల్లీ వెల్లుల్లీ చూపించి "వద్దా?" అన్నట్టు చెయ్యి ఊపింది. అమ్మ "వెయ్యి, ఫరవాలేదు" అన్నది.

ఆఖర్న అల్లంలాంటి దుంప ఒకటి ఇచ్చింది. అమ్మ దాన్ని గోటితో గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఒరే, ఇది దుంపరాష్ట్రం! మీ నాన్నకి దగ్గొస్తే ఇదే అరగదీసి తేనెతో ఇచ్చేదాన్ని. చేదని మొహం చిట్లించేవారు, గుర్తుందా?"

ఆయన పోయిన తరవాత అమ్మ నోట నాన్నగారి మాట రావటం అదే మొదలు. నేను "గుర్తుంది" అన్నాను. హోటలావిడ ఏమర్థం చేసుకుందో గాని, నూరటం ఆపి నిలబడింది. అమ్మ చెయ్యి చాచి పొత్రం అందుకుని, "నువ్వు నూరేది ముతగ్గా ఉందే పిల్లా" అని తెలుగులో మందలిస్తూ తానే నూరింది. రెండు బల్లల అవతల భోజనం చేస్తున్న దొరలిద్దరు చెంచాలు ఆపి చూశారు.

కూర వచ్చింది. అమ్మ చేత్తో కలుపుకుని తిన్నది. "ఎలా ఉందమ్మా?" అన్నాను.

"వెనకటి రుచి లేదు. లేకపోతే పోనీ. అయిదుకి నాలుగు" అన్నది.

ఆ ఆగస్టులో అమ్మ తిరిగొచ్చేసింది. చెల్లెలు నాతో మాట్లాడటానికి మాత్రం ఇంకో నెల పట్టింది. ఇప్పుడు కోనసీమలో నూతి దగ్గర దబ్బచెట్టు పక్కన నిమ్మగడ్డి దుబ్బు ఒకటి బలిసి ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా కొబ్బరిపాలతో కూర చేస్తుంది. దుంపరాష్ట్రం మందుల దినుసుల కొట్లో కొంటుంది. దాన్ని ఈశాన్యం కూర అంటుంది. ఊళ్ళోవాళ్ళు అదేదో శాంతికి సంబంధించిన వంట అనుకుంటున్నారు.

మొన్న చెల్లెలు ఆ హోటల్నించే ఫోను చేసి, ఆవిడ చేతికిచ్చింది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. కాస్సేపు ఇద్దరూ నవ్వుకున్నారు. తరవాత అవతలనుంచి "కిన్ ఖావ్ రూ యంగ్, మే?" అని వినపడింది.

"తిన్నానమ్మా. నువ్వు తిన్నావా?" అన్నది మా అమ్మ.